ఎల్ అంటే లివోర్నో

బెల్లునో చుట్టుపక్కల లోయల్లో ఎల్ అక్షరానికి ఒకే ఊరు, లివోర్నో. ఫోన్లో ఇంటిపేరు చెప్పాలన్నా, బ్యాంకు కోడ్ చదవాలన్నా ఇటలీ జనం అక్షరానికో ఊరు తగిలిస్తారు. ఎఫ్ అంటే ఫిరెంజే, ఆర్ అంటే రోమా. మిగతా దేశంలో ఎల్ దగ్గరికొచ్చేసరికి ఎవడిష్టం వాడిది. ఒకడు లూక్కా అంటాడు, ఇంకొకడు లెచ్చే అంటాడు. ఇక్కడ మాత్రం చచ్చినా లివోర్నోనే. ఎందుకంటే ఎల్‌తో మొదలయ్యే ఊరు ఇంకొకటి పక్కనే ఉంది, లోంగరోనే. 1963 అక్టోబరులో ఒక రాత్రి కొండ విరిగి ఆనకట్ట వెనక నీళ్ళలో పడింది. ఆ నీళ్ళు గట్టు మీదుగా దూకి, దిగువనున్న ఆ ఊరినీ చుట్టుపక్కల పల్లెలనూ కాసేపట్లో తుడిచేశాయి. రెండు వేల ప్రాణాలు పోయాయి. ఊరు మళ్ళీ కట్టుకున్నారు, బస్సు బోర్డు మీద ఆ పేరు రోజూ కనిపిస్తుంది. కానీ ఫోన్లో అక్షరం చెప్పడానికి ఆ పేరు వాడుకునేంత బండగుండె అక్కడ ఎవడికీ లేదు. ఇది ఎవరో పెట్టిన రూలు కాదు, ఎవరూ దీని గురించి మాట్లాడరు కూడా.

నీవెస్ ఈ లోయల మనిషే. బెల్లునోలో ఒక చిన్న బ్యాంకు రెండో అంతస్తులో, విదేశాలకు డబ్బు పంపే గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. పక్క కుర్చీ తుల్లియాది. వచ్చే ఏడు రిటైరవుతుంది, నోటికి తాళం లేని మనిషి. వాళ్ళిద్దరి మీదా అధికారి ఓర్సెనీగో. మిలాను నుంచి వచ్చి పన్నెండేళ్ళయింది. డిగ్రీ ఉన్న ప్రతివాడూ అక్కడ దొత్తోరే కాబట్టి ఆయనా దొత్తోరే.

కోడ్‌ల విషయంలో ఆయన రాక్షసుడు. ప్రపంచంలో ఏ బ్యాంకు కోడ్ అయినా సరే నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఎనిమిది అక్షరాల్లో మొదటి నాలుగూ బ్యాంకు, తర్వాత రెండూ దేశం, ఆ తర్వాత రెండూ చోటు. "ఎనిమిదో స్థానం చూడండి ముందు," అని ఇద్దరికీ నూరిపోశాడు. అక్కడ సున్నా ఉంటే అది ఉత్తుత్తి కోడ్, పని నేర్చుకునేవాళ్ళ కోసం. దాని మీద పైసా కదలదు. ఎవరైనా తప్పు రాస్తే ఆ అక్షరం చుట్టూ రెండు గుండ్రాలు గీసి, కిందికి ఒక తోక లాగేవాడు. ఆ తోక కనబడితే నీవెస్ ముఖం ఎర్రబడేది.

ఊళ్ళ పేర్లంటే మాత్రం ఆయనకు చిరాకు. "పేరేదైతేనేం, అక్షరం అక్షరమే కదా! త్వరగా కానివ్వండి," అనేవాడు. ఇక్కడి ఎల్ సంగతి పన్నెండేళ్ళలో ఆయన చెవికెక్కలేదు, ఎక్కించాలని ఎవరికీ తోచనూ లేదు.

అది 2000 నవంబరు, శుక్రవారం. పొద్దుటి నుంచీ మంచు పడుతూనే ఉంది. దొత్తోరే ఆ రోజు సెలవు. పాదువాలో పళ్ళ డాక్టరు దగ్గరికట.

"పన్ను పీకించుకుంటాడో, పన్ను పెట్టించుకుంటాడో! ఏదైతేనేం, ఒక్కరోజు మన ప్రాణానికి సుఖం," అంది తుల్లియా, కాఫీలో నాలుగు చుక్కల గ్రాప్పా సారాయి పోసుకుంటూ.

రెండూ నలభైకి ఫాక్స్ వచ్చింది. పై లోయలో కళ్ళజోళ్ళ ఫ్రేములు చేసే ఫ్యాక్టరీ నుంచి. లీఖ్టెన్‌స్టయిన్‌లో ఒక కొత్త బ్యాంకుకు, కొత్త పేరుకు, రెండు వందల కోట్ల లీరాలు ఇవాళే పంపమని. ఖాతాలో ఉన్నదంతా ఊడ్చినట్టే. సంతకాలు సరిగ్గానే ఉన్నాయి. యజమాని హాంగ్‌కాంగ్ సంతకు వెళ్ళినప్పుడల్లా ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి క్యాషియరు చేతిలో పెట్టి పోతాడు. వద్దయ్యా బాబూ అని బ్యాంకు ఎన్నిసార్లు మొత్తుకున్నా వినే రకం కాదు.

కొత్త కోడ్ వస్తే ఒక రూలుంది. ఫాక్స్ మీదున్న నంబరుకు కాదు, పాత ఫైల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, కోడ్ అవతలివాళ్ళ నోటితో చదివించుకోవాలి. ఆ రూలు పెట్టింది దొత్తోరే. నీవెస్ ఫైలు తీసి ఫోన్ చేసింది.

క్యాషియరు ఎజీదియో ఎప్పుడూ ఆరేడు రింగులకు గానీ ఎత్తడు. వెనక గోదాము నుంచి నడిచి రావాలి, పైగా కాలు కాస్త కుంటు. వస్తూనే "ఏం సిన్యోరా, మీ దగ్గు తగ్గిందా, లేక ఇంకా బ్యాంకు హీటరు మీదే బతుకుతున్నారా?" అని మొదలుపెడతాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ గొంతే పరిచయం. మనిషిని చూసింది రెండుసార్లు. ఇవాళ మొదటి రింగుకే ఎత్తాడు.

"ఎజీదియో గారూ, నేను నీవెస్‌ని. మీ ఫాక్స్ వచ్చింది. కోడ్ ఒకసారి చదువుతారా?"

"చదువుతాను."

దగ్గు గురించి అడగలేదు. గొంతు స్పీకరులోంచి వస్తున్నట్టు బోలుగా ఉంది.

"ఎఫ్ అంటే ఫిరెంజే. ఇ అంటే ఎంపోలి. ఆర్ అంటే రోమా. సి అంటే కోమో." ఒక్క క్షణం ఆగాడు. "ఎల్ అంటే లోంగరోనే."

నీవెస్ పెన్ను కాగితం మీదే ఆగిపోయింది.

"ఐ అంటే ఇమోలా. రెండు, రెండు. రాసుకున్నారా సిన్యోరా?"

"రాసుకున్నాను," అంది ఎలాగో.

"నేను చెప్పింది చెప్పినట్టే రాసుకున్నారా?"

"ఒక్క ముక్క వదల్లేదు ఎజీదియో గారూ."

ఫోన్ పెట్టేసి, రాసుకున్న ఎల్ వైపే చూస్తూ కూర్చుంది.

"ఏమైందే? దయ్యాన్ని చూసినట్టున్నావ్," అంది తుల్లియా.

"ఎల్ అంటే లోంగరోనే అన్నాడు."

తుల్లియా కాఫీ కప్పు దించింది. "ఎవడూ?"

"ఎజీదియో."

ఇంకెవరన్నా అయితే నోరు జారిందనుకోవచ్చు. ఎజీదియోది ఆ ఊరే. పదకొండేళ్ళ వయసులో ఒక్కరాత్రికి కొండమీద అత్త ఇంట్లో పడుకుని లేచేసరికి అమ్మా, నాన్నా, ఇద్దరు చెల్లెళ్ళూ, ఇల్లూ, వీధీ ఏమీ లేవు. తెల్లటి రాళ్ళ మైదానం ఉంది. ఆ తర్వాత ఆయన నోట ఆ పేరు విన్నవాళ్ళు లేరు. ఏటా జరిగే ప్రార్థనకు పోడు. ఒకసారి బ్యాంకు ఆనకట్ట బొమ్మున్న క్యాలెండరు పంపితే, మాటా పలుకూ లేకుండా తిరిగి పోస్టులో పంపేశాడు. అలాంటి మనిషి ఆ పేరు తీశాడంటే, తీయక తప్పని గతి పట్టిందన్నమాట.

"వయసు మీద పడుతోందేమోనే. మతి..." అని తుల్లియా మాట మింగేసింది. తనే మళ్ళీ అంది, "లేదులే. ఆయన పక్కన ఎవడో ఉన్నాడు."

"స్పీకరు పెట్టి వింటున్నాడు. మనం డబ్బు పంపలేదని తెలిస్తే ఆయన్ని ఏం చేస్తాడో! పంపితే మాత్రం వదులుతాడా, ముఖం చూసినవాణ్ణి?"

శుక్రవారం ఫ్యాక్టరీ మధ్యాహ్నానికే కట్టేస్తారు. ఆ కొండమీద ఇప్పుడు ఉన్నది ఆ కుంటికాలి మనిషి ఒక్కడే. నీవెస్ పోలీసులకు ఫోన్ చేసింది. ఎత్తిన అధికారి దక్షిణాది మనిషి, కొత్తగా వచ్చినవాడు.

"అమ్మా, ఒక ఊరి పేరు చెప్పాడని నన్ను మంచులో జీపు పంపమంటారా?"

"చెప్పకూడని పేరు చెప్పాడండీ!"

"చెప్పకూడని పేరేమిటి, తిట్టా? రేపు చూద్దాం లెండి."

"మీ దగ్గర ఈ లోయల్లో పుట్టినవాడు ఎవడన్నా ఉంటే వాడికివ్వండి ఫోను!" అని నీవెస్ అరిచింది. ఆ గదిలో ఆమె గొంతు అంత పైకి లేవడం తుల్లియా ఎన్నడూ వినలేదు. అవతల గొణుగుడు, కుర్చీ జరిగిన చప్పుడు. ఫోను ఈ లోయల్లోనే పుట్టిన పోలీసు, బ్రిగదియేరే దె కోల్ చేతికొచ్చింది.

"చెప్పండి సిన్యోరా."

"కళ్ళజోళ్ళ ఫ్యాక్టరీ ఎజీదియో. కోడ్ చదువుతూ ఎల్ అంటే లోంగరోనే అన్నాడు."

అతను ఇంకేమీ అడగలేదు. "సైరన్ లేకుండా వెళ్తాం. వెనక గోదాము తలుపు నాకు తెలుసు. దారి మంచులో ఉంది, ముప్పావుగంట పట్టొచ్చు. అందాకా వాణ్ణి మాటల్లో పెట్టండి," అని ఫోన్ పెట్టేశాడు.

గోడ గడియారం మూడూ ఐదు చూపిస్తోంది. విదేశీ పంపకాల యంత్రం మూడూ నలభై ఐదుకు మూతపడుతుంది. మూడూ పదికి మళ్ళీ ఫోను మోగింది, ఎజీదియోనే.

"సిన్యోరా, పంపినట్టు ముద్ర వేసిన కాపీ కావాలి. ఫాక్స్ చెయ్యండి. ఇరవై నిమిషాల్లో." కాగితం మీదున్నది చదువుతున్నట్టుంది ఆ గొంతు.

"అలాగే. మీరు బాగున్నారా?"

"కాపీ పంపండి," అన్నాడు.

తుల్లియా జుట్టు పట్టుకుంది. "పంపకపోతే చంపుతాడు, పంపితే ఫ్యాక్టరీ మూతపడుతుంది, మూడొందల మంది వీధిన పడతారు. ఏం చేస్తావే?"

నీవెస్ లేచి మూలనున్న రెండో కంప్యూటరు ముందు కూర్చుంది. అది పని నేర్పే యంత్రం. అసలుదాని పోలికే అంతా. ఒక్కటే తేడా, ఏ కోడ్ కొట్టినా ఎనిమిదో స్థానంలో తనంతట తనే సున్నా పెట్టేసుకుంటుంది. రెండు వందల కోట్లు కొట్టింది. పేరు కొట్టింది. కోడ్ కొట్టింది. చివరి అంకె రెండు కాస్తా సున్నా అయింది. కాగితం ముద్రించి, బ్యాంకు ముద్ర గట్టిగా వేసింది.

"అబ్బ! ఈ సున్నాని పట్టేవాడు ఈ కొండల్లో దొత్తోరే ఒక్కడే. ఆయన నస ఒక్కరోజు పనికొచ్చింది చూడు," అంది తుల్లియా.

నీవెస్‌కు నవ్వు రాలేదు. మూడూ ఇరవై ఐదుకు ఫాక్స్ పంపింది. ఇద్దరూ ఆ యంత్రం పక్కనే నిలబడ్డారు.

నాలుగు నిమిషాలు గడిచాయి. ఫాక్స్ యంత్రం గిర్రున తిరగడం మొదలుపెట్టింది. వాళ్ళు పంపిన కాగితమే వాళ్ళకు వెనక్కి వస్తోంది. పైన ముద్ర, కింద పేరు, మధ్యలో కోడ్. ఎనిమిదో స్థానంలోని సున్నా చుట్టూ రెండు గుండ్రాలు. కిందికి ఒక తోక.

"అమ్మ బాబోయ్," అంది తుల్లియా, గొంతు అణుచుకుని.

నీవెస్ పన్నెండేళ్ళుగా రోజూ బల్లమీద చూసిన గీత అది, దొత్తోరే గీత. ఆ రూలు ఎందుకు అడ్డు రాలేదో అప్పుడు తెలిసింది. పాత నంబరుకే ఫోన్ చేయాలని రూలు పెట్టినవాడు ఆ పాత నంబరు పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ముందు భయం వేసింది, దాని వెనకే కోపం వచ్చింది. ఎంత నమ్మాం ఈ మనిషిని, అనుకుంది.

ఫోను మోగింది.

"నీవెస్," అన్నాడు ఓర్సెనీగో. బల్లకు అటువైపు నుంచి మాట్లాడినంత మామూలుగా అన్నాడు. "ఎనిమిదో స్థానం."

ఆమె ఆ కాగితాన్ని తుల్లియా వైపు తోసింది.

"మీ మీద నాకు కోపం లేదు. నేను నేర్పిందే కదా. ఇప్పుడు అసలు యంత్రంలో కొట్టండి. నా పాస్‌వర్డు మీ బల్ల సొరుగులో కవరులో పెట్టాను, రెండో సంతకం దాంతో పడుతుంది. వేట తుపాకీ నా ఒళ్ళో ఉంది. ఎజీదియో ఇక్కడే, నా ఎదురుగా ఉన్నాడు."

కవరు తన సొరుగులో! రేపు ఎవరన్నా వెతికితే దొరికేది తన సొరుగులోనే. నీవెస్‌కు అదీ అర్థమైంది.

"ఎందుకు దొత్తోరే?"

"పన్నెండేళ్ళు ఈ మంచులో కుళ్ళాను. లక్షల కోట్లు నా వేళ్ళకింద నుంచి ప్రపంచమంతా పోయాయి, నాకు మిగిలిందేమిటి? మాటలతో పొద్దుపుచ్చకండి. కొట్టండి."

గడియారం మూడూ ముప్పై రెండు. జీపు ఇంకా ఎంత దూరంలో ఉందో! పైలోయకు పోవాలంటే దారి లోంగరోనే మీదుగానే.

"కొడతాను. ముందు కోడ్ చదివి సరిచూసుకుంటాను. రెండుసార్లు చదవందే వేలు పెట్టొద్దని మీరే అన్నారు."

అవతల చిన్న నవ్వు. రూలు మాటొస్తే ఆ మనిషి ఆగుతాడని ఆమెకు తెలుసు. "చదవండి."

నీవెస్ అసలు యంత్రం ముందు కూర్చుని కళ్ళు మూసుకుంది. అవతల స్పీకరు తెరిచే ఉంది, ఆ గదిలో ఎజీదియోకు ప్రతి మాటా వినబడుతోంది. తాను విన్నానని, మనుషులు వస్తున్నారని ఆయనకు ఎలాగైనా చెప్పాలి. ఆ రాత్రి నీళ్ళపాలైన పల్లెలు ఇంకా కొన్ని ఉన్నాయి. బెల్లునో బడిపిల్లలకు వాటి పేర్లన్నీ కంఠతా వచ్చు.

"ఎఫ్ అంటే ఫయె," అంది మెల్లగా.

"ఎక్కడిదది?"

"ఇక్కడిదే దొత్తోరే. ఇ అంటే ఎర్తో. ఆర్ అంటే రివాల్తా."

తుల్లియా చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. గడియారం వైపు వేలు చూపించింది, మూడూ ముప్పై ఐదు.

"సి అంటే కొదిస్సాగో."

"ఏమిటీ పల్లెటూళ్ళ పాట? తిన్నగా ఫిరెంజే, కోమో అనలేరా?"

"పేరేదైతేనేం దొత్తోరే, అక్షరం అక్షరమే కదా."

ఆయన విసుగ్గా ఊపిరి వదిలాడు. స్పీకరులో ఇంకో ఊపిరి వినబడింది, బరువుగా, ఆగి ఆగి.

"తప్పు కొట్టాను, మళ్ళీ మొదటినుంచి," అంది నీవెస్. అబద్ధం. వేళ్ళు మీటల మీదే లేవు. మళ్ళీ ఫయె, మళ్ళీ ఎర్తో, అక్షరం అక్షరానికీ ఎంత ఆలస్యం చేయొచ్చో అంతా చేసింది. మూడూ ముప్పై ఎనిమిది. మూడూ ముప్పై తొమ్మిది.

"నీవెస్! నన్ను ఆడిస్తున్నావా?" మొదటిసారి ఏకవచనంలోకి దిగాడు. లోహం మీద లోహం తగిలిన చప్పుడు. "ఎల్ చెప్పు. త్వరగా. లేదంటే వీడి రెండో కాలు కూడా..."

"ఎల్ అంటే," అంది నీవెస్. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ ఫోన్లో అనని పేరు. "ఎజీదియో గారూ, ఎల్ అంటే లోంగరోనే. దారి అటునుంచే. వస్తున్నారు!"

కుర్చీ పడింది. బల్ల ఈడ్చిన చప్పుడు, ఎవరిదో కేక, వెనక ఎక్కడో తలుపు బద్దలైన చప్పుడు, ఆ వెంటనే తుపాకీ పేలింది.

తర్వాత ఏమీ లేదు. లైను మాత్రం తెరిచే ఉంది. తుల్లియా నీవెస్ భుజం పట్టుకుని నలిపేస్తోంది. చంపేశాను, నేనే తొందరపెట్టి చంపేశాను ఆ మనిషిని, అని నీవెస్ పైకే అంది.

"సిన్యోరా." దె కోల్ గొంతు. ఎగశ్వాసగా ఉంది. "గుండు పైకప్పుకు పోయింది. ఈయనే బల్ల ఎత్తి వాడి మీద తోశాడు, మేం లోపలికొచ్చేసరికి. వాడికి బేడీలు పడ్డాయి. ఈయన చెయ్యి విరిగినట్టుంది, ఆసుపత్రికి రమ్మంటే రావడం లేదు. మీతో మాట్లాడాలట."

ఫోను చేతులు మారింది.

"ఆ కోడ్ చెరిపెయ్యండి సిన్యోరా," అన్నాడు ఎజీదియో.

"అసలు యంత్రంలో కొట్టనే లేదు. ఒక్క లీరా కదల్లేదు."

"ముప్పై ఏడేళ్ళు నోట్లోనే పెట్టుకున్నాను ఆ పేరు. మా అమ్మ కోసం తీయలేదు, చెల్లెళ్ళ కోసం తీయలేదు. చివరికి ఆ గాడిద ముందు తీయాల్సొచ్చింది."

"నా కోసం తీశారు. నాకు వినబడాలని."

"మీరు తక్కిన ఊళ్ళు కూడా చెప్పారు. రివాల్తా. మా నాన్న సైకిలు మీద పనికెళ్ళేది అక్కడికే."

"మీ ఇల్లెక్కడుండేది ఎజీదియో గారూ?" అని అడిగింది నీవెస్. ఆ మాట పద్దెనిమిదేళ్ళలో ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆయన ఒకసారి ముక్కు ఎగబీల్చాడు. "చర్చి వెనక సందులో. కింద రొట్టెల దుకాణం, మేము మేడమీద. పెద్ద చెల్లెలి పేరు అన్యేజే. దానికి ఆ రోజే కొత్త బూట్లు కొన్నారు, పడుకునేటప్పుడు కూడా విప్పనని ఒకటే గొడవ..."

మూడూ నలభై ఐదయింది. యంత్రం దానంతట అదే మూతపడింది. తుల్లియా లేచి దీపం వేసి, తలుపు దగ్గరికి వేసింది. నీవెస్ ఫోను రెండు చేతులతో పట్టుకుని వింటోంది, ఆయన చెబుతూనే ఉన్నాడు.